గోలెం కింది గొంతు



ఈ మాటలు వింటున్న చాలామంది ఇళ్ళలో ఈ వేళప్పుడు రేడియో ఒక్కటే మాట్లాడుతూ ఉండదు. వానలు పడి నేల మెత్తబడింది. కట్టెల మోపు వెనకనో, వంటింటి మూలనో, జాలారులో గోలెం కిందనో ఒక గొంతు నాతో పోటీ పడుతూ ఉంటుంది. కావాలంటే ఒక్క నిమిషం రేడియో చప్పుడు తగ్గించి ఆ కూత వినండి. నేనేమీ అనుకోను. నేను చెప్పబోయేది దాని గురించే.

కీచురాయి. మా ఇంట్లో అనే మాట ఇదే. కొన్ని చోట్ల ఇలకోడి అంటారు, ఈలకోడి అనేవాళ్ళూ ఉన్నారు. చిమ్మట అనే మాట కూడా ఉంది గానీ, దాన్ని బట్టలు కొరికే పురుగుకూ, చెట్టు మీద కూర్చుని చెవులు హోరెత్తించే పురుగుకూ వాడేస్తుంటారు కాబట్టి పక్కన పెడదాం. మిగిలిన రెండు పేర్లూ చూడండి. ఒకదాంట్లో రాయి ఉంది, ఇంకోదాంట్లో కోడి ఉంది. పురుగు మాత్రం ఎక్కడా లేదు. పేరు పెట్టినవాళ్ళు దాన్ని చూసి పెట్టలేదు, విని పెట్టారు. చీకట్లో చప్పుడు వస్తుంది. దీపం పట్టుకుని పోతే టక్కున ఆగిపోతుంది, అక్కడ రాయి తప్ప ఏమీ ఉండదు. సరే, రాయే కూస్తున్నదనుకుని ఉంటారు. ఇది నా ఊహ మాత్రమే. భాషా పండితులు కోప్పడకూడదు.

మా నాయనమ్మ అంత దూరం పోయేది కాదు. గోలెం కింద కూత లేవగానే "మొదలువెట్టిండు" అనేది. ఎవడు అని ఇంట్లో ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆ మాట చివరి 'డు'లో ఆమె జంతుశాస్త్రం సరిగ్గా చెప్పిందని నాకు డిగ్రీలో గానీ తెలియలేదు. కూసేది మగదే. ఆడది కూయదు, వింటుంది.

కూత నోటితో కాదు, రెక్కలతో. కుడి రెక్క ఎడమ రెక్క మీద కప్పుకుని ఉంటుంది. ఆ కుడి రెక్కను అడుగు నుంచి భూతద్దంతో చూస్తే ఒక ఈనె అడ్డంగా కనిపిస్తుంది, దాని మీద వరసగా సన్నటి పళ్ళు. అచ్చం కమ్మరి దగ్గర ఉండే ఆకురాయి. కింది రెక్క అంచు ఆ పళ్ళ మీద గీసుకుంటూ పోతే చప్పుడు పుడుతుంది. అదీ రెక్కలు విప్పేటప్పుడు కాదు, మూసేటప్పుడు. అంటే కీచురాయి దగ్గర నిజంగానే ఒక రాయి ఉంది, ఆకురాయి. పేరు పెట్టినవాళ్ళు మరీ అంత తప్పు పోలేదు. ఇక ఆ కూత వినే చెవులు తల మీద ఉండవు. ముందుకాళ్ళ మీద, మోకాలికి కాస్త దిగువన, పల్చటి పొర కప్పిన చిన్న కిటికీల్లా ఉంటాయి. ఆడది ఒక్కో అడుగు వేస్తూ, కాళ్ళతోనే వింటూ, కూత వచ్చే వైపు నడుస్తుంది.

కీచురాయి అంటే మనకు గుర్తుకొచ్చేది ఇంతే కదా, కూత. అందుకే 2021లో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన ఒక కబురు చదివి కాసేపు పేపరు మడిచి కూర్చున్నాను. కుర్రా గుహల్లో కొత్త కీచురాయి దొరికింది. దాని మగది కూయలేదు. ఆడదానికి చెవులు లేవు.

ఛత్తీస్‌గఢ్ మా చెన్నూరుకు ఏమంత పరాయి దేశం కాదు. మా ఊరి మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి ప్రాణహిత దాటి సిరొంచ చేరుతుంది. ఆ పైన ఇంద్రావతి దాటి భోపాలపట్నం, బీజాపూర్ మీదుగా జగదల్‌పూర్ పోతుంది. ఆ జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయలో కుటుమ్సర్ అనే పేరుమోసిన గుహ ఉంది. అందులోని కీచురాయికి 1977లోనే కెంపియోలా శంకరి అని పేరు పెట్టారు. కాబట్టి ఆ రాష్ట్రంలో గుహ పురుగుల ముచ్చట ఇవాళ్టిది కాదు.

కుర్రా గుహల పురుగును లోకానికి పరిచయం చేసింది చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో కీచురాళ్ళ మీద పనిచేసే రంజనా జైస్వారా. రాయ్‌పూర్‌లో గుహల పరిశోధన, పరిరక్షణ కోసం ఉన్న సంస్థ వాళ్ళు ఆ పనిలో తోడయ్యారు. ఈ పురుగు అరాక్నోమైమస్ అనే ప్రజాతిలోది. గ్రీకులో ఆ మాటకు సాలీడు వేషం వేసేది అని అర్థం. చిన్న ఒళ్ళు, ఒంటికి మించిన కాళ్ళు, కాళ్ళకు మించిన మీసాలు. గుహ గోడ మీద పాకుతుంటే ఎవరైనా సాలీడనే అనుకుంటారు. ఈ ప్రజాతిలో అప్పటిదాకా తెలిసిన వాటికీ దీనికీ మగ జననాంగాల నిర్మాణంలో తేడా కనబడింది. దాంతో ఇండిమైమస్ అని ఒక కొత్త ఉప ప్రజాతినే ఏర్పాటు చేసి, జాతికి జయంతి అని పేరు పెట్టారు.

జయంతి అనగానే మన చెవికి ఆడపిల్ల పేరో, గాంధీ జయంతో తడుతుంది. అది కాదు. దేశంలోని గుహలను ఏళ్ళ తరబడి గాలించిన జయంత్ బిశ్వాస్ గారి పేరది. లాటిన్ వ్యాకరణం ప్రకారం మగవాళ్ళ పేరు చివర 'ఇ' చేరిస్తే 'ఆయనది' అని అర్థం వస్తుంది. జయంత్ గారిది కాబట్టి జయంతి. ఇందాకటి శంకరి కూడా అమ్మవారు కాదన్నమాట, అందులోనూ మగపేరే దాక్కుని ఉంది. ఆడవాళ్ళ పేరైతే చివర 'ఏ' వస్తుంది. ఉత్తరాది పొలాల కీచురాయి ఒకదానికి టెలియోగ్రిల్లస్ రోహినే అని పెట్టారు. అది బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కీచురాళ్ళ కూతల మీద ఎన్నో ఏళ్ళుగా పరిశోధన చేస్తున్న రోహిణీ బాలకృష్ణన్ గారి పేరు.

మరి కూయలేనిదీ, వినలేనిదీ ఒకదాన్నొకటి ఎట్లా కలుసుకుంటాయి? కడుపుతోనో, ఒంట్లో ఇంకో భాగంతోనో రాతి మీద తట్టి, ఆ అదురుతో కబురు పంపుకుంటాయని శాస్త్రవేత్తల ఊహ. చిమ్మచీకటి, కాళ్ళ కింద రాయి, ఆ రాతిలో పాకే సన్నటి అదురు. తలుపు తట్టడం అని మనం అంటామే, దాని సంసారమంతా అదే.

ఇప్పుడు 'కొత్త' అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. ఆ పురుగు 2021లో పుట్టలేదు. గుహలో ఎప్పటి నుంచో ఉంది. గుహలోకి పోయినవాళ్ళ దీపం వెలుగులో ఎన్నిసార్లు పడిందో. కొత్తది పురుగు కాదు, దానికి పడిన పేరు. మా వైపు వాళ్ళకు ఈ సంగతి ఇంకో రకంగా తెలుసు. 1988లో పి. యాదగిరి అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రాణహిత పరిసరాల్లో దొరికిన రాకాసిబల్లి ఎముకలకు పేరు పెట్టారు, కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని. కోట అనేది ఆ రాతిపొరల పేరు, యామన్‌పల్లి ఎముకలు దొరికిన ఊరు. కోట్ల ఏళ్ళు మట్టిలో పడి ఉన్న జంతువుకు అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని ఒక పల్లె ఇంటిపేరైంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో దాని అస్థిపంజరం ముందు నిలబడి ఫొటో దిగి వచ్చిన మా పిల్లలకు, ఆ పలక మీద ఉన్నది మన పక్క ఊరి పేరేనని చెబితే నమ్మలేదు.

రాకాసిబల్లికైనా కీచురాయికైనా పేరు పెట్టే పద్ధతి ఒకటే. బారసాల లాంటిదే గానీ నియమాలు ఎక్కువ. జంతువుల పేర్లకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. స్వీడన్ పండితుడు లినేయస్ 1758లో వేసిన పుస్తకాన్ని మొదలుగా పెట్టుకుని అది నడుస్తుంది. అంతకు ముందు పెట్టిన పేర్లు చెల్లవు. ఆ తర్వాత ఒకే జంతువుకు ఇద్దరు పేర్లు పెడితే సాధారణంగా ముందు పెట్టినవాళ్ళ పేరే నిలుస్తుంది. పేరు పత్రికలో అచ్చు కావాలి, దగ్గరి బంధువుల నుంచి దీన్ని ఎట్లా విడదీసి గుర్తుపట్టాలో రాయాలి. అన్నిటికంటే ముఖ్యం, ఒక్క పురుగును ఎంచి, ఈ పేరు దీనిది అని ప్రకటించాలి.

ఆ ఒక్క పురుగును హోలోటైప్ అంటారు. నాకు ఈ ఏర్పాటంటే మహా ఇష్టం. ఒక జాతిలో లక్షల పురుగులు ఉండవచ్చు. పేరు మాత్రం సూదికి గుచ్చి మ్యూజియం పెట్టెలో పెట్టిన ఆ ఒక్కదానికే కట్టుబడి ఉంటుంది. రేపు ఎవరికైనా అనుమానం వస్తే పుస్తకాన్ని కాదు, ఆ పురుగునే తీసి చూస్తారు. పంచాయితీలో పాత దస్తావేజు తీసినట్టు. దాని సూదికి కిందుగా ఒక చీటీ గుచ్చి ఉంటుంది, ఏ ఊరు, ఏ తేదీ, ఎవరు పట్టారు అని. అక్షరాలు చీమ తలకాయలంత ఉంటాయి. ఆ చీటీ ఊడి పోయిందంటే ఎంత అపురూపమైన పురుగైనా విలువలో సగం పోయినట్టే.

ఇక కొలతలు. తల, మెడ మీది డాలు, వెనక తొడ, ఆడదానికైతే తోక దగ్గర గుడ్లు పెట్టే సూది, అన్నీ మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఆకురాయి పళ్ళు లెక్కపెడతారు. మగ జననాంగాలను మెత్తబరిచి, విడదీసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. పైకి అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా ఉన్న రెండు జాతులు చాలాసార్లు అక్కడే తేడా బయటపెడతాయి. చూడటానికి కష్టమైన పని, రేడియోలో చెప్పడానికి ఇంకాస్త కష్టం. వదిలేద్దాం.

భారతదేశపు కీచురాళ్ళకు పెద్ద గ్రంథం రాసింది లూసియెన్ షోపార్ అనే ఫ్రెంచి ఆయన. ఆ సంపుటం 1969లో వచ్చేనాటికి ఆయనకు ఎనభై దాటాయి. జీవితమంతా పారిస్ మ్యూజియంలో ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన కీచురాళ్ళను చూస్తూ గడిపిన మనిషి. ఇప్పటికీ ఆ పుస్తకం తెరవకుండా మన దేశంలో ఈ పని మొదలుకాదు. కానీ ఆయన ముందుకు వచ్చినవి ఎక్కువగా సూదికి గుచ్చిన పురుగులు. సూదికి గుచ్చిన పురుగు కూయదు.

కూత వినకపోతే ఏమవుతుందో అమెరికా వాళ్ళకు తెలిసొచ్చింది. అక్కడి పొలాల కీచురాళ్ళకు అప్పటిదాకా పెట్టిన డజన్లకొద్దీ పేర్లను 1915లో రేన్, హెబార్డ్ అనే ఇద్దరు పండితులు ఒక్క ముల్లెగా కట్టేశారు. అంతా ఒకే జాతి, పైపై తేడాలను చూసి మోసపోవద్దన్నారు. సూదులకు గుచ్చిన వాటిని చూస్తే అది న్యాయమైన తీర్పే. తర్వాత నార్త్ కరోలినాలో ఫుల్టన్ అనే ఆయన ఇంకో పని చేశాడు. రాత్రుళ్ళు పొలాల్లో తిరిగి విన్నాడు. ఒక రాష్ట్రంలోనే నాలుగు రకాల కూతలు ఉన్నాయి. కూత మారితే కాలమూ, ఉండే చోటూ మారుతున్నాయి. ఒక కూత దాన్ని ఇంకో కూత దానితో కలిపి పెంచి చూశాడు, సంతానం కలగలేదు. 1952లో ఆ సంగతి రాశాడు. 1957లో అలెగ్జాండర్ అనే ఇంకో శాస్త్రవేత్త ఆ ముల్లె విప్పి, విడివిడి జాతులుగా పేర్లు పెట్టాడు. మనిషి కంటికి ఒకటిగా కనిపించినవి ఆడ కీచురాయి చెవికి ఎప్పుడూ ఒకటి కావు. తన జాతి కూతకే అది నడిచి వస్తుంది, పక్కదాని కూతకు రాదు. విడదీసే పని అది ఎప్పటి నుంచో చేస్తూనే ఉంది. 1962లో ఒక చెట్టు కీచురాయికి ఫుల్టన్ పేరే పెట్టారు, ఈకాంతస్ ఫుల్టొని అని.

ఆ ఫుల్టొనికి ఇంకో పేరు కూడా ఉంది, ఉష్ణమాపకం కీచురాయి. 1897లో డాల్బేర్ అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు కీచురాయి కూతలు లెక్కపెట్టి గాలి వేడిమి చెప్పవచ్చని ఒక సూత్రం రాశాడు. ఆయన ఏ కీచురాయో చెప్పలేదు, ఇదే అయి ఉంటుందని తర్వాతి వాళ్ళ అంచనా. సెంటీగ్రేడ్‌లో చెప్పాలంటే ఎనిమిది సెకన్లలో ఎన్ని కూతలు పడ్డాయో లెక్కపెట్టి అయిదు కలపండి, ఇంచుమించు అదే ఉష్ణోగ్రత. అయితే ఈ లెక్క 5 నుంచి 30 డిగ్రీల మధ్యనే నడుస్తుందట. మంచిర్యాల, రామగుండం వైపు మే నెల చూసినవాళ్ళకు ఇది ఏ మూలకూ చాలదు. సరదాగా చెప్పాను గానీ ఇందులో అసలు పని ఉంది. కీచురాయి ఒంట్లో మనలాగా వేడి నిలకడగా ఉండదు. చుట్టూ వేడెక్కితే కూత వేగం పెరుగుతుంది, చల్లబడితే నెమ్మదిస్తుంది. అందుకే కూత రికార్డు చేసేవాళ్ళు పక్కనే ఉష్ణోగ్రత రాసుకోకపోతే, ఒకే పురుగు సాయంత్రపు కూతనూ తెల్లవారుజాము కూతనూ విని రెండు జాతులని పొరబడతారు.

చెట్టు కీచురాయి అన్నాను కాబట్టి, దక్షిణాదిలో ఉన్న ఒకదాని సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. ఈకాంతస్ హెన్రీ. పల్చటి ఆకుపచ్చ పురుగు, చూపుడువేలు గోరు కంటే కాస్త పొడుగు. రోడ్ల పక్కన, బీళ్ళలో ఘాటు వాసనతో గుబురుగా పెరిగే అడవి తులసి పొదల్లో ఉంటుంది. కొన్ని మగపురుగులు ఆకు నడిమిలో సరిగ్గా తమ రెక్కలు పట్టేంత రంధ్రం కొరికి, అందులో తల పెట్టి రెక్కలు ఆకుకు ఆనేలా నిలబడి కూస్తాయి. ఆకు అడ్డుపడి చప్పుడు వృథాగా పోకుండా కాస్తుంది, కూత గట్టిగా వినబడుతుంది. ఈ పని అన్నీ చేయవు. ఒళ్ళు చిన్నవి, గొంతు తగ్గినవి ఎక్కువగా చేస్తాయని బెంగళూరు పరిశోధకులు 2020లో చూపించారు. గొంతు పెద్దవాడికి మైకు ఎందుకు?

ఇక మా ఇంటి గోలెం దగ్గరికి వస్తాను. పోయిన వానకాలం ఇంటర్ చదివే ఒక పిల్లగాడు నా దగ్గరికి వచ్చాడు. "సార్, మీ జాలారు కీచురాయి వేరు, మా పత్తి చేను గట్టు మీదిది వేరు" అన్నాడు. నాకు నలభై ఏళ్ళుగా వినబడుతున్న తేడా, నేనెప్పుడూ వినలేదు. ఆ రాత్రి విన్నాను. గోలెం కిందిది మూడేసి కూతలు కూసి ఆగుతుంది. చేను గట్టుది ఊపిరి తీసుకోకుండా ఒకే తీగలా లాగుతుంది. పిల్లగాడు అప్పటికే ఫోనులో ఇంగ్లీషులో క్రికెట్ అని కొట్టి వెతికాడట, రాత్రంతా స్కోర్లు వచ్చాయి. తెలుగులో ఈ తిప్పలు లేవు, కీచురాయి కీచురాయే, ఆట ఆటే.

ఇద్దరం కలిసి గోలెం జరిపాం. అది జరగాలంటే ముందు నీళ్ళన్నీ పారబోయాలి. దానికి మా ఇంట్లో నేను తిన్న తిట్లు ఇక్కడ అక్కర్లేదు. కింద తడి ఇసుకలో వాడు ఉన్నాడు. గోధుమ రంగు ఒళ్ళు, మెడ మీద రెండు నల్లటి మచ్చలు, ఒంటికి రెండింతలు మీసాలు. దీపం పడగానే మీసాలు రెండూ మా వైపు తిరిగాయి, కాళ్ళు మాత్రం కదలలేదు. గాజు సీసాలోకి దింపి, కూత రికార్డు చేసి, వేడిమి రాసుకుని, పురుగు పేరు లేకుండా ఊరు పేరుతో చీటీ రాశాం: చెన్నూరు, జాలారు, గోలెం కింద. కొత్త జాతి అని నేను అనడం లేదు. పాతదే అయి ఉండటానికే అవకాశం ఎక్కువ, షోపార్ పుస్తకంలో ఏదో పుట మీద ఎప్పటి నుంచో కూర్చుని ఉండవచ్చు. కానీ ఆ పుట ఏదో చెప్పాలన్నా కొలవాలి, రెక్క తిప్పి పళ్ళు చూడాలి. అందుకని ఆ ప్రాణం పోయాక దాన్ని దూది పరిచిన అగ్గిపెట్టెలో పెట్టి, అలమారలో ఉంచి, పొద్దున చూద్దామనుకున్నాను.

పొద్దున అగ్గిపెట్టె తెరిస్తే దూది ఉంది, చీటీ ఉంది, రెండు వెనక కాళ్ళు ఉన్నాయి. మిగిలింది చీమలు మోసుకుపోయాయి. కుడి రెక్క ఒకటి గోడ వారన పోతుంటే పిల్లగాడు వెంటపడ్డాడు గానీ అది గచ్చు పగుల్లోకి దిగిపోయింది. జంతుశాస్త్రం పాఠం చెప్పి పెన్షన్ తీసుకుంటున్న మనిషిని నేను. వాడు నన్నేమీ అనలేదు, అదే ఎక్కువ బాధ.

మొన్న రెండో వాన పడ్డ రాత్రి గోలెం కింద మళ్ళీ మూడేసి కూతలు మొదలయ్యాయి. పిల్లగాడికి ఫోను చేస్తే పది నిమిషాల్లో సైకిలు మీద వచ్చాడు. ఈసారి అలమారలో పెట్టలేదు. స్టూలు మీద పెట్టి, నాలుగు కాళ్ళ కిందా నాలుగు నీళ్ళ పళ్ళాలు పెట్టాం.